వంక ఒక్కటే! మూడూళ్లూ కలిసి కదలండి!

పై చెరువు, నడిమి చెరువు, కింది చెరువు ఆయకట్టు రైతులారా! కూలినాలి చేసుకునే అన్నలారా, అక్కలారా! గొర్రెలూ గొడ్లూ మేపుకునేవాళ్లారా! చేపలు పట్టేవాళ్లారా, బట్టలుతికేవాళ్లారా, కుండలు చేసేవాళ్లారా! పొట్ట చేత పట్టుకుని బెంగళూరుకూ కువైట్‌కూ పోయిన మన పిల్లలారా!

నిరుడు అక్టోబరులో రెండు రోజులు ఎడతెరిపి లేకుండా పట్టిన ముసురు మీకందరికీ గుర్తుండే ఉంటుంది. కొండల్లోంచి వంక ఎర్రగా దిగింది. పై చెరువు నిండి మరవ పారింది. ఎన్నో ఏళ్లకు మరవ పారిందని ఆడవాళ్లు గంగమ్మకు చీర, సారె తీసుకుపోయి కొబ్బరికాయలు కొట్టారు. ఆ మరవ నీళ్లు నడిమి చెరువుకు చేరాలి. చేరలేదు. మరవ దాటి ఫర్లాంగు దూరం పోతే కాలువ ఎక్కడుందో కనబడదు, అంతా సర్కారు కంపే. నీళ్లకు దారి లేక పక్క చేల మీద పడ్డాయి. పీకడానికి సిద్ధంగా ఉన్న వేరుశనగ బురదలో మునిగి, కాయలు చెట్టుకే మొలకలొచ్చాయి. అదే వారం కింది చెరువులో చూస్తే గొర్రె గిట్టలు తడిసేంత నీళ్లు. పంట మునిగిందని రాయించుకోవడానికి కొందరు, చెరువు నిండలేదని రాయించుకోవడానికి కొందరు, ఒకే ఆఫీసు ముందు ఒకే రోజు మనవాళ్లే రెండు వరుసల్లో నిలబడ్డారు. ఆ ఏడు వాన తక్కువేమీ పడలేదు. నీళ్లకు దారి మూసుకుపోయింది, అంతే.

తర్వాత జరిగింది ఇంకా బాధాకరం. నడిమికి నీళ్లు ఎలాగూ పోవడం లేదు కదా, చేల మీద పడి పాడవుతున్నాయి కదా అని పై ఊరివాళ్లు మరవ మీద ఇసుక బస్తాలు పేర్చారు. మా నీళ్లు మాకు రాకుండా అడ్డం కట్టారని కింది ఊళ్ల కుర్రాళ్లు రాత్రికి రాత్రి పోయి బస్తాలు లాగేశారు. కర్రలు లేచాయి. కేసులు పడ్డాయి. ఇవాళ వాయిదాకు రెండు వర్గాలూ పోయేది ఒకే బస్సులో. పక్క పక్క సీట్లలో కూర్చుని పలకరించుకోకుండా పోతున్నారు. వాళ్లలో బావా బావమరుదులున్నారు, వియ్యంకులున్నారు.

ఎవరిది తప్పని తేల్చడానికి ఈ కరపత్రం వేయలేదు. రెండు వైపులా ఉన్న కడుపుమంట మాకు తెలుసు, మేమూ ఆ ఊళ్లవాళ్లమే. ఒక్క సంగతి మాత్రం అందరం తెలుసుకోవాలి. మరవ ఎత్తు ఊరికే పెట్టింది కాదు. కట్ట పైభాగానికీ మరవకూ మధ్య కొన్ని అడుగుల ఎడం ఉంచేది పెద్ద వరద వచ్చినప్పుడు నీళ్లు మట్టికట్ట మీదెక్కకుండా మరవ మీదుగా పోవడానికి. అడుగు ఎత్తు బస్తాలు వేశామంటే ఆ ఎడం అడుగు తగ్గినట్టే. ఆపైన ఇంకో ముసురు పడితే నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయి. మట్టికట్ట మీద నీళ్లు పొర్లడం మొదలైతే దాన్ని ఆపే మనిషి ఉండడు. పై చెరువు తెగితే ఆ నీళ్లు నడిమి చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది, రెండు చెరువుల నీళ్లూ కలిసి కింది ఊరి మీద పడతాయి.

ఇది భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. 2021 నవంబరు 19న చెయ్యేటి మీద ఏం జరిగిందో మన జిల్లాల్లో తెలియనివాళ్లు లేరు. పైన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ వరద కూడా వచ్చి పడి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట ఊళ్ల మీదికి తెల్లవారుజామున నీళ్లు వచ్చిపడ్డాయి. మనుషులు పోయారు, గొడ్లు పోయాయి, పొలాల్లో ఇసుక మేట వేసింది. గొలుసుగా ఉన్న కట్టల్లో పైది తెగితే కిందిది నిలబడటం ఎంత కష్టమో అప్పుడు కళ్లారా చూశాం.

కాబట్టి పై ఊరు, కింది ఊరు అని వేరువేరుగా ఆలోచించినంత కాలం ఈ మూడు చెరువుల్లో ఏదీ బాగుపడదు. పై చెరువు కట్ట పదిలంగా ఉండాలంటే దాని మరవ నీళ్లు సాఫీగా కిందికి పోవాలి. అంటే కాలువ బాగుండటం కింది ఊళ్లకు ఎంత అవసరమో పై ఊరికీ అంతే అవసరం. కిందివాళ్ల కాలువకు మేమెందుకు పార పట్టాలి అని అడిగే అన్నలకు మా జవాబు ఇదే.

ఎంత వాన పడితే ఎన్ని నీళ్లవుతాయో ఒకసారి లెక్క వేసి చూడండి. ఎకరా నేల మీద ఒక అంగుళం వాన పడితే లక్ష లీటర్లు దాటుతుంది. నాలుగు వేల లీటర్లు పట్టే ట్యాంకర్లు పాతిక. ఒక్క ఎకరా మీద, ఒక్క అంగుళానికి! అందులో చాలా భాగం నేలలో ఇంకుతుంది, కొంత ఆవిరవుతుంది, మిగిలిందే వంకలోకి వస్తుంది. మన వంకలోకి వాలు ఉన్న కొండలు, గుట్టలు, బీళ్లు వేల ఎకరాలు. ఎండాకాలం ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని బిందెలు వరసలో పెట్టి కూర్చునే మన అక్కచెల్లెళ్లు ఈ లెక్క ఒకసారి మనసులో పెట్టుకుని కాలువ వైపు నడిచి చూడండి. మన ఎదురుగానే పోతున్న నీళ్లవి.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు కట్ట దగ్గర ఒక శాసనం ఉంది. 1369 నాటిది. విజయనగరం ఏలిన బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించి దాని వివరమంతా సంస్కృతంలో రాతి మీద చెక్కించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని చెప్పారు. గట్టి నేల, తియ్యటి నీళ్ల ఏరు, రాతితో బిగించిన కట్ట, దగ్గరలో రాళ్ల గని, నీటి శాస్త్రం తెలిసినవాడు, పనితనం ఎరిగిన మనుషుల గుంపు ఇలాంటివన్నీ ఆ లెక్కలోవి. చెరువుకు ఉండకూడని దోషాలు ఆరు చెప్పారు. కట్టలోంచి నీళ్లు ఊరడం ఒకటి. చవుడు నేల ఒకటి. మధ్యలో మెట్ట లేచి ఉండటం ఒకటి. నీళ్లు తక్కువై పొలం ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై పొలం తక్కువ కావడం రెండు. మిగిలిన దోషం ఏమిటో తెలుసా? చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం!

ఆరున్నర వందల ఏళ్ల కిందట రాసిన ఆ మాట చదివినప్పుడు మాకు మన కాలువే కళ్లముందు కనిపించింది. రాజ్యాలు పోయి పంచాయతీలు వచ్చాయి. మన వంక మూడు పంచాయతీల హద్దులు దాటుతుంది. కంప ఎక్కువగా ఉన్న జాగా పై ఊరి హద్దులో ఉంది, దానివల్ల నష్టపోతున్నది నడిమి ఊరు. పై పంచాయతీని అడిగితే ఆ కాలువతో మాకు పని లేదంటారు. నడిమి పంచాయతీని అడిగితే అది మా హద్దులో లేదంటారు. ఇరిగేషన్ ఆఫీసుకు పోతే పంచాయతీల తీర్మానం తెమ్మంటారు. ఆనాడు రెండు రాజ్యాలు ఒప్పుకోకపోతే చెరువు బతకదని తెలిసినవాళ్లు అలాంటి చోట చెరువే వద్దన్నారు. మనకు ఆ వెసులుబాటు లేదు. చెరువులు ముందే ఉన్నాయి, గీతలు తర్వాత గీశారు. చెరువును జరపలేం, గీతను దాటి చేతులు కలపగలం.

ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమైన మాట.

చెరువు అంటే ఆయకట్టు రైతుదేనని మనం అలవాటుగా అనుకుంటాం. సెంటు భూమి లేని మనిషికి చెరువుతో ఏం పని అని కొందరు బాహాటంగానే అంటున్నారు. అది అన్యాయమైన మాట. చెరువులో నీళ్లుంటేనే ఊరి మంచినీళ్ల బోరులో నీళ్లుంటాయి, ఆ బోరు నీళ్లు తాగేది అందరం. నీళ్లుంటేనే వరి నాట్లుంటాయి, కలుపులుంటాయి, కూలి పనులుంటాయి. గొర్రెలకూ గొడ్లకూ నీళ్లు అక్కడే. బట్టలుతికేది అక్కడే. చేపలు, కుండల మట్టి, కట్ట మీది గడ్డి అన్నీ అక్కడివే. చెరువు ఎండిన ఏడాది మొదట ఊరు విడిచిపోయేది భూమి లేని కుటుంబమే. కాబట్టి చెరువు గురించి కూర్చుని మాట్లాడే చోట వాళ్లకు చాప వేసి కూర్చోబెట్టాలి. గట్టు మీద నిలబెట్టి చివర్లో సంతకం పెట్టించుకోవడం కాదు.

అలాగని శ్రమదానం పేరుతో వాళ్ల రెక్కలు ఊరికే వాడుకోవడానికి మేం ఒప్పుకోం. పాతకాలంలో ఊరంతా కలిసి చెరువు బాగుచేసుకునే ఆచారం ఉండేదని, దాన్ని కుడిమరామత్తు అనేవారని పెద్దలు గొప్పగా చెబుతారు. నిజమే, ఉండేది. కానీ ఆ పార పట్టినవాళ్లంతా ఇష్టపడే పట్టారా? 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో కట్టలు తెగే అపాయం వచ్చినప్పుడు జనం చేత బలవంతంగా పని చేయించుకోవడానికి ఒక చట్టమే వచ్చింది. ఆ చట్టం ఎవరి వీపు మీద పడి ఉంటుందో మనకు వేరే చెప్పాలా? వెట్టి ఎవరు చేశారో మన ఊళ్లలోని ముసలివాళ్లకు బాగా తెలుసు. ఆ రోజు కూలికి పోకపోతే ఆ రాత్రి పొయ్యి వెలగని మనిషిని ఊరి కోసం ఉచితంగా తవ్వమనడం శ్రమదానం కాదు, వెట్టే. అందుకని మేమంతా కూర్చుని ఒక పద్ధతి అనుకున్నాం. ఆయకట్టులో ఎకరా ఉన్నవాళ్లు ఎకరాకు ఒక మనిషి ఒక రోజు పని చేయాలి. ఐదెకరాలుంటే ఐదు రోజులు. తాను రాలేని రైతు తన బదులు వచ్చిన కూలికి ఆ రోజు ఊళ్లో నడుస్తున్న కూలి పూర్తిగా, ఆ సాయంత్రమే ఇవ్వాలి. మగకూలి, ఆడకూలి అని తేడా ఉండదు, కంప పీకే చేతులకు ముళ్లు ఒకే రకంగా గుచ్చుకుంటాయి. బోరు ఉండి, చెరువు నిండితే ఆ బోరులో నీళ్లు పెరిగే రైతు ఆయకట్టు బయట ఉన్నా సరే, ఎకరా లెక్కన పనికి రావాలి. భూమి లేనివాళ్లలో ఎవరైనా ఇష్టంగా ఒక పూట వస్తే సంతోషం. రాలేదని ఒక్క మాట అనకూడదు.

నీరుగంటి సంగతి కూడా ఈ లెక్కలోదే. మన తాతల కాలంలో తూము తెరవాలన్నా మూయాలన్నా నీరుగంటి మునిగేవాడు. చెరువు నిండుగా ఉన్నప్పుడు, ఈదురుగాలి కొడుతున్నప్పుడు, ఊపిరి బిగబట్టి తూము రాయి పట్టుకుని కిందికి దిగి, తూము కన్ను మీది బిరడాను చేత్తో తడుముతూనే సరిచేసి పైకి వచ్చేవాడు. తూము మెట్లు ఎన్ని మునిగాయో చూసి ఈ ఏడు ఎన్ని ఎకరాలు పండుతాయో చెప్పేవాడు. మొదటి మడికి, చివరి మడికి నీళ్లు సమానంగా పోయేలా చూసేది ఆయనే, పెద్దరైతు కసిరినా గట్టు తెగ్గొట్టనిచ్చేవాడు కాదు. కల్లంలో ఆయనకు మేర ఉండేది. మేర ఇవ్వడం మానేశాం, మనిషి దూరమయ్యాడు. ఇవాళ తూము తలుపు తుప్పు పట్టి సగంలో బిగుసుకుపోయి ఉంటే అది తెరవడం ఎవరి పనో ఎవరికీ తెలియదు. మూడు చెరువులకూ ముగ్గురు నీరుగంట్లను పెట్టుకోవాలి, వాళ్లకు పంటకో నెలకో జీతం ఎకరాల లెక్కన మనమే ఇవ్వాలి. ఒకే కులంవాళ్లే ఆ పని చేయాలన్న పాత కట్టు ఇక చెల్లదు. చేయగలిగినవాళ్లు, చేస్తామన్నవాళ్లు చేస్తారు, ఆడవాళ్లయినా సరే.

ప్రభుత్వం చేయాల్సిన పని ప్రభుత్వం చేయాలి. దాన్ని మన భుజాన వేసుకుని వాళ్లను వదిలేయమని మేం చెప్పడం లేదు. 1997లో రైతులే సాగునీటిని చూసుకోవాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం చేసి పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు. ఆలోచన మంచిదే. చాలాచోట్ల ఆ సంఘం అధ్యక్షుడి పదవిగా, కాంట్రాక్టు బిల్లుగా మిగిలిపోయింది. సంఘంలో ఓటు హక్కు కూడా ఆయకట్టులో భూమి ఉన్నవాళ్లకూ, సాగుచేసేవాళ్లకూ మాత్రమే. 2002 వాల్టా చట్టం ఉంది, చెరువులూ కుంటలూ వాగులూ ఆక్రమించడం, పూడ్చడం నేరమే. ఊరుమ్మడి భూములు, చెరువులు ఆక్రమించినవాళ్లను ఖాళీ చేయించే పథకం ప్రతి రాష్ట్రం తయారుచేయాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చేతిలో ఇన్ని ఉన్నాయి. అయినా మన కాలువ పక్క పొలంవాళ్లు ఏడాదికి ఒక సాలు చొప్పున లోపలికి దున్నుకొచ్చి, బండి పట్టేంత కాలువను కాలు పట్టేంతగా చేశారు. అందులో మనలో కొందరి పొలాలు కూడా ఉన్నాయి, ఈ కరపత్రం వేసినవాళ్ల పొలాలూ ఉన్నాయి. సర్వేయరు వచ్చి గొలుసు పట్టే రోజున మా గట్లు మేమే ముందు వెనక్కి జరుపుకుంటామని ఇక్కడ రాసి ఇస్తున్నాం.

మూడు పంచాయతీల గ్రామసభల్లో ఒకే తీర్మానం, ఒకే మాటలతో, ఒకే వారంలో పెట్టాలి. కాలువ హద్దులు సర్వే చేసి రాళ్లు పాతాలని, బిగుసుకున్న తూము తలుపులు బాగుచేయాలని, కాలువ పూడికతీత ఉపాధి పనుల్లో పెట్టాలని. దేశం మొత్తానికి ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన అనంతపురం సీమలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ సీమ జనానికి చెరువు పని అడిగే హక్కు గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఒక్కో ఊరు విడివిడిగా పోయి అర్జీ ఇస్తే అది ఒక ఊరి గోడు. మూడూళ్ల తీర్మానం ఒక్కటిగా టేబుల్ మీద పడితే పక్క ఊరి హద్దు అని తిప్పి పంపడానికి ఎవరికీ సాకు దొరకదు.

కలిస్తే ఏమవుతుందో చూసినవాళ్లం మనం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటూ, తమ ఊళ్లోంచి సారా కొట్టును తరిమేశారు. ఒక ఊరిలో ఆగి ఉంటే ఆ కొట్టు పక్క ఊళ్లో తెరిచేవారు. ఊరూరికీ పాకింది కాబట్టే 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించాల్సి వచ్చింది. ఆ ఊళ్లేవీ ముందే ఐకమత్యంతో మెలిగిన ఊళ్లేమీ కావు. కులాలున్నాయి, పార్టీలున్నాయి. పని మొదలుపెట్టాక ఒకరినొకరు నమ్మారు.

నీళ్ల విషయంలోనే చూడండి. 2000 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో వందల పల్లెల రైతులు, ఆడా మగా కలిసి, తమ బోర్లలో నీటిమట్టం తామే కొలిచారు, వానమాపకం తామే చూశారు. ఈ ఏడు నేలలో ఎన్ని నీళ్లు చేరాయి, రబీలో ఏ పంట ఎంత వేస్తే సరిపోతుంది అని ఊళ్లో అందరి ముందు లెక్క చెప్పుకున్నారు. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు. లెక్క కళ్లముందు ఉంటే వరి వేయాలనుకున్నవాళ్లలో చాలామంది తమంతట తామే ఆరుతడికి మారారు. మహారాష్ట్ర అహిల్యానగర్ (పాత పేరు అహ్మద్‌నగర్) జిల్లాలో హివరే బజార్ అనే చిన్న ఊరు ఇంకా ముందుకు పోయింది. సర్పంచ్ పోపట్‌రావ్ పవార్ కాలం నుంచి అక్కడ సాగుకు కొత్త బోర్లు వేసుకోరు. ఏటా ఊరి నీళ్ల లెక్క చూసుకునే పంటలు వేస్తారు. వలసపోయిన కుటుంబాలు తిరిగి వచ్చాయి. మన దగ్గర వెయ్యి అడుగులకు బోరు వేసి, దుమ్ము తప్ప ఏమీ రాక అప్పుల్లో కూరుకుపోయిన ఇళ్లు ఊరికి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

మూడు చెరువులకూ కలిపి ఒకే కమిటీ కావాలి. ఊరికి ఏడుగురు. ఏడుగురిలో ముగ్గురు ఆడవాళ్లు, ఇద్దరు భూమి లేనివాళ్లు తప్పనిసరి. ఆయకట్టు చివరి మడి రైతు ఒకరు ఉండి తీరాలి, ఎందుకంటే నీళ్లు అందాయో లేదో నిజం చెప్పగలిగేది చివరి మడే. చెరువు నిండితే ఏం వేయాలి, సగం నిండితే ఏం వేయాలి, ముప్పాతిక ఎండితే తూము మూసి బోర్ల కోసం, గొడ్ల కోసం ఎన్ని నీళ్లు ఉంచాలి అనేది కమిటీ వానలకు ముందే తేల్చి మూడూళ్ల రచ్చబండల దగ్గర గోడ మీద రాయాలి. నీళ్లొచ్చాక తేల్చుకుందామంటే మళ్లీ ఇసుక బస్తాలే, మళ్లీ వాయిదాలే. మరవ మీద రాయి కాదు కదా, చెప్పు కూడా పెట్టకూడదని మొదటి నిబంధన.

పనిలో కొన్ని జాగ్రత్తలు. కంపను గొడ్డలితో పైన నరికితే లాభం లేదు, రెండు వానలకు రెట్టింపు పిలకలు వేస్తుంది. మొదలు చుట్టూ తవ్వి, నేలలోపలి బుడిపెతో సహా పెకలించాలి. కట్ట మీద మొలిచిన కంప విషయంలో మాత్రం తొందరపడి వేరు పీకి గుంట వదిలేయకండి, ఆ గుంటలోకి నీళ్లు దిగి కట్ట బలహీనపడుతుంది. పీకినచోట మట్టి పోసి దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. పూడుమట్టి తీయడం కట్ట మొదట్లో వద్దు, కట్టకు దూరంగా, చెరువు లోతట్టులో తీయాలి. నల్లటి ఒండ్రు అయిపోయి ఇసుక పొర కనిపించగానే ఆపేయాలి, ఆ పొర తెరిస్తే నీళ్లు నిలవవు. ట్రాక్టరు ట్రాలీ నిండా మట్టి తీస్తే సుమారు మూడు వేల లీటర్ల నీళ్లకు చోటు, చెరువు నిండిన ప్రతి ఏడూ. ఆ మట్టి ఎర్రచెలకలకు తోలుకుంటే ఎరువు ఖర్చు తగ్గుతుంది. చిన్న, సన్నకారు రైతుల పొలాలకు ముందు తోలాలి. పూడిక పేరు చెప్పి చెరువు గర్భంలోని గ్రావెల్ రాత్రిపూట వెంచర్లకు తోలే టిప్పర్లు ఇకమీద ఒక్కటి కూడా కట్ట ఎక్కకూడదు. కనిపిస్తే ఫోటో తీసి, బండి నంబరు రాసి, మూడూళ్లవాళ్లూ కలిసి పోయి ఫిర్యాదు చేద్దాం. ఒక్కరే పోతే బెదిరిస్తారు.

కువైట్‌లో, బెంగళూరులో ఉన్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఊరికి ఏదైనా చేయాలని మీరు ప్రతి ఏడూ డబ్బు పంపుతున్నారు, మీ మనసు మాకు తెలుసు. ఈ ఏడు స్వాగత ద్వారానికి కాదు, జేసీబీ డీజిలుకు పంపండి. మనుషుల చేత కానంత దట్టంగా కంప ఉన్న చోటు ఫర్లాంగున్నర ఉంది, అక్కడ యంత్రం కావాలి. వచ్చిన ప్రతి రూపాయి, పెట్టిన ప్రతి రూపాయి మూడూళ్ల గోడల మీదా రాస్తాం, ఫోటో తీసి మీకు పంపుతాం. దాతల పేర్లతో శిలాఫలకం మాత్రం ఉండదు, ముందే చెబుతున్నాం.

పొదుపు సంఘాల అక్కలారా! ఇంటింటికీ తిరిగి ఎకరాల లెక్క, మనుషుల లెక్క రాసే పని మీకే అప్పగించాలని అనుకున్నాం. నెలనెలా వందల మంది డబ్బు లెక్క తప్పకుండా రాస్తున్న చేతులు మీవి. బడి పంతుళ్లారా! వానమాపకం బడి ఆవరణలో పెట్టించండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు పిల్లలే చూసి బోర్డు మీద రాయనీయండి.

మన చెరువులు నిండేది తొలకరికి కాదు. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా పడే వానలకు, తుపాను ముసుర్లకు. అయినా అప్పటిదాకా ఆగితే నేల నాని పొక్లెయిన్లు దిగవు, చేలలో పైరు ఉంటుంది, నడవనివ్వరు. రోహిణి కార్తెలో, చేలు ఖాళీగా ఉన్నప్పుడే కాలువ తెరవాలి. మృగశిర రాగానే ఎవరి దుక్కి వాళ్లది.

అందుకని ఈ ఆదివారం ఉదయం ఐదున్నరకు, ఎండ ముదరకముందే, పై చెరువు మరవ దగ్గరికి రండి. కేసుల్లో ఉన్నవాళ్లు ముందుగా రండి, మీ రెండు వర్గాల పెద్దలతో మాట్లాడాం, ఇద్దరూ వస్తామన్నారు. పార, గడ్డపార, కొడవలి, గంప ఏది ఉంటే అది తెచ్చుకోండి. కంప ముళ్లకు తట్టుకునే చెప్పులు వేసుకోండి. నీళ్లు, అంబలి, ఉల్లిగడ్డ కింది ఊరివాళ్లు తెస్తున్నారు. మధ్యాహ్నం సంగటి, పప్పు పై ఊరిలో వండుతున్నారు. అందరం ఒకే పంక్తిలో కూర్చుంటాం. పై ఊరివాళ్లు మరవ దగ్గర పని మొదలుపెట్టి కిందికి వస్తారు. నడిమి, కింది ఊళ్లవాళ్లు నడిమి చెరువు మొగ దగ్గర మొదలుపెట్టి పైకి పోతారు. పదిన్నరకు పని ఆపి, చింతతోపు నీడలో కమిటీ పేర్లు అందరి ముందే ఎన్నుకుందాం. గ్రామసభల తీర్మానం రాత ప్రతి అక్కడే చదివి వినిపిస్తాం, మార్పులు ఉంటే అక్కడే చెప్పండి. సోమవారం నుంచి ఉదయం పూట పని సాగుతుంది, ఏ ఇంటివాళ్లు ఏ రోజు రావాలో ఆదివారమే రాసి ఇస్తాం. నడవలేని పెద్దలను ట్రాక్టరులో తీసుకువస్తాం. పాత కాలువ ఏ మలుపు తిరిగేదో, హద్దు రాళ్లు ఎక్కడుండేవో గుర్తున్నవాళ్లు మీరే, మీరు చూపించాలి.

ఇట్లు,
మూడు చెరువుల ఆయకట్టు రైతులు, కూలీలు, గొర్రెల కాపరులు, పొదుపు సంఘాల సభ్యులు